ఎర్రబండ మడుగు అడుగున సైకిలు

"చక్రం బెండు తీసేదంటే ఏమనుకున్నారప్పా మీరు," అని మొదలుపెట్టినాడు నాయబ్ రసూల్.

చిత్తూరులో చంద్రకాంతమ్మ టీ అంగడి. సాయంత్రం నాలుగున్నర. బెంచీ మీద నేనూ, ఆటో తోలే ఢిల్లీబాబూ, బెల్లం మండీ మునస్వామీ కూర్చోనుండాము. రసూలు సైకిలు అంగడి ఎదురుగానే. పోయిన కార్తీకంలో పదకొండు మంది గూడూరు నుంచి హార్సిలీ కొండల దాకా సైకిళ్ళలో టూరు పోతా, రిపేర్లకని రసూలును పిలుచుకోని పోయినారు. అందులో ఒక్క పొద్దు గురించి మాకు చెప్పడం ఇది ఆరోసారో ఏడోసారో.

ఈసారి బెంచీ కొసన కొత్తాయన ఒకరు ఉండాడు. తెల్లపంచె, ఒళ్ళో గుడ్డసంచి. సత్యవేడు బస్సు దిగి రసూలు అంగడి యాడని అడిగినాడు. ఆయనే అని చూపిస్తే, "చెప్పనీండి, వింటాను" అని కూర్చున్నాడు.

"ఆ పొద్దు శానా దూరం తొక్కే పని లేదు. ఊరు చూసే దినం," అన్నాడు రసూలు. "తొక్కి తొక్కి అందరికీ తొడలు పట్టేసి చంద్రగిరిలో దిగినాము. తెల్లారి బాలచంద్ర అని ఒక పిల్లోడు వచ్చి, రసూలన్నా, ముందు చక్రం వంకరగా తిరగతాండాది అన్నాడు. టీ గ్లాసు పక్కన పెట్టి స్పోకులు బిగించినాను. చక్రం సూది మాదిరి నిలబడింది. గ్లాసు తీసుకుంటే టీ ఇంకా పొగలు కక్కతానే ఉండాది."

"అంతేనా," అన్నాడు మునస్వామి.

"అంతేనా అంటాడు సూడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కోటకు పోయినాము, రాజమహలు చూసినాము, కొండ మీద ఇంకో కోట ఉండాది గదా, ఆడికి సైకిలు ఎవురూ ఎక్కించలేరనింది కృపామణి మేడం, ఆయమ్మే టూరుకు పెద్ద, డ్రిల్లు టీచరు, ఆ మాటకు నాకు రోషమొచ్చి సీటు మీద నుంచి లేవకుండా మెట్లెక్కించినాను. మూడు నూర్ల మెట్లు."

"పోయినసారి నూటాయాభై అన్నావు భాయ్," అన్నాడు ఢిల్లీబాబు.

"ఈసారి దిగినవి గూడా కలిపినాను. దిగేటప్పుడు బ్రేకు వైరు తెగింది. కాలు చక్రానికి అడ్డం పెట్టినాను. చెప్పు కాలి పొగ లేసింది. కొండ అంటుకునిందని కిందోళ్ళు ఫైరింజనుకు ఫోన్ చేసినారు."

మేము నవ్వినాము. కొత్తాయన నవ్వలేదు. "ఆ తర్వాత?" అన్నాడు.

"ఆ తర్వాత మధ్యాహ్నం భాకరాపేట కొండల్లో ఎర్రబండ మడుగు చూసేదానికి పోయినాము. పైన యాడో వాన పడి నీళ్ళు ఎర్రగా దిగతాండాయి. అందరూ పెద్ద గుండురాయికి అవతల ఫోటోలు తీసుకుంటాండారు. బాలచంద్ర కాళ్ళు కడుక్కునేదానికి దిగినాడు. పాచి పట్టిన బండ. జారినాడు."

ఈ మాట కాడ ప్రతిసారీ ఆగతాడు రసూలు.

"ఇంక చాల్లే భాయ్," అనింది చంద్రకాంతమ్మ.

"ఉండక్కా. నేను సైకిలుతోనే దూకినాను. దిగి స్టాండు వేసేంత టైము యాడుండాది? నాలుగు తాటిచెట్ల లోతు. అడుగున తొక్కతాంటే డైనమో తిరిగి లైటు వెలిగింది. ఆ వెలుతురులో చూస్తే వాడు బండ సందులో కూర్చోనుండాడు. మరి ఊపిరెట్లా అంటారు. టైర్లలో గాలి ఉండాది గదప్పా. ట్యూబు మూతి తిప్పి, ముందు చక్రం గాలి నేను పీల్చుకోని, వెనక చక్రం గాలి వానికి పట్టినాను. అర్ధగంట. క్యారియర్ మీద కూర్చోబెట్టుకోని, వేరే దారి లేక, పైనుంచి పడే నీళ్ళ మీదనే సైకిలు ఎదురెక్కించినాను. నీళ్ళు భయపడి రెండు పాయలుగా చీలి దారిచ్చినాయి."

"పిల్లోనికి దెబ్బలేమన్నా తగిలినాయా?" అని అడిగినాడు కొత్తాయన.

"ఒక్క గీత లేదు పెద్దాయనా. తల గూడా తడవలేదు."

"మళ్ళా ఏమన్నా తిన్నాడా?"

"ఆరు పరోటాలు తిన్నాడు. ఇంకో రెండు కట్టించుకున్నాడు."

"ఇప్పుడెట్లుండాడు?"

"రాజా మాదిరి ఉండాడు. నిన్న పొద్దున గూడా ఫోన్ చేసినాడు. రసూలన్నా, నా పెళ్ళికి నువ్వు రావల్ల అన్నాడు."

కొత్తాయన సంచిలో చెయ్యిపెట్టి ఒక ఫోను తీసినాడు. అద్దం ఒక మూల పగిలుండాది.

"ఇది వాని ఫోను, గట్టు మీద దొరికింది. వాన్ని కాల్చొచ్చిన పొద్దు నుంచి నా కాడనే ఉండాది. దినామూ చార్జి పెడతాను. నీ నంబరు సైకిలు రసూలన్న అని రాసి పెట్టుకున్నాడు. ఇందులో నుంచి నీకు ఫోను రాలేదప్పా." ఫోను ఒళ్ళో పెట్టుకోని, "నా పేరు మునిరామయ్య. బాలచంద్ర నా కొడుకు," అన్నాడు.

చంద్రకాంతమ్మ స్టవ్వు ఆపేసింది. పిల్లోడు మడుగులో పోయిన సంగతి పేపర్లో చూసి మా అందరికీ తెలుసు. తెలిసే ఇన్నాళ్ళూ విన్నాము. మునస్వామి తల వంచుకున్నాడు.

"కొట్లాటకు రాలేదు," అన్నాడు మునిరామయ్య. "మేడమును అడిగినాను. మిగిలినోళ్ళను అడిగినాను. అందరూ గుండుకు అవతల ఉండారంట. కేక విని వచ్చేలోపల అంతా అయిపోయిందంట. వాని దగ్గర నువ్వొక్కడివే ఉండావంట. నువ్వు చూసింది చెప్పు, చాలు."

రసూలు టీ గ్లాసు కింద పెట్టినాడు.

"నాకు ఈత రాదు పెద్దాయనా," అన్నాడు. "చేతిలో పంచరేసి గాలి పట్టిన ట్యూబుండాది. విసరల్లని తెలుసు. చెయ్యి లేయలేదు. వాడు నా వైపే చూస్తాండాడు. నేను వెనక్కి తిరిగి ఉరికినాను. మనుషుల్ని పిలిచేదానికి ఉరికినానని పోలీసోళ్ళకు చెప్పినాను. ఎవుర్నీ పిలవలేదు. రోడ్డొచ్చే దాకా ఉరికినాను. వాళ్ళు విన్న కేక నాది గాదు. వానిది."

"ఏమని కేకేసినాడు?"

"రసూలన్నా అని."

"ఎన్నిసార్లు?"

"ఒకసారే."

మునిరామయ్య ఫోను పంచె కొసతో తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. "వాళ్ళమ్మ శకుంతలమ్మ కూడు సరిగా తినడం లేదు. కడాన ఏమన్నాడో కనుక్కోని రమ్మని పంపించింది. పోతానే అడగతాది. ఏమి చెప్పల్ల నేను?"

రోడ్డు మీద బస్సులు పోతాండాయి.

"నేనే వచ్చి చెప్తాను," అన్నాడు రసూలు.

"ఇదే చెప్పల్ల."

"ఇదే చెప్తాను."

రసూలు లేచి పోయి అంగడి షట్టరు దించినాడు. చొక్కా గూడా మార్చుకోలేదు, చేతులకు గ్రీజు అట్లే ఉండాది. సత్యవేడు బస్సు ఐదున్నరకు వచ్చింది. మునిరామయ్య ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆయన పక్క సీటు ఖాళీగానే ఉండాది. రసూలు కూర్చోలేదు. కడ్డీ పట్టుకోని నిలబడినాడు. బస్సు మలుపు తిరిగే దాకా చూస్తానే ఉండాము, నిలబడే ఉండాడు.