పహిల్వాన్ గుంజిన ఇంజన్

"తాతా, నువ్వు దున్నపోతుతోని కారు ఇంజన్ పీకించినవని చిన్నతాత చెప్పిండు. నిజమేనా?"

చిన్నతాత చెప్పిండా? వాడు చెప్తె సగం అబద్ధముంటది బిడ్డా. కానీ గిది మాత్రం నిజమే. పీకించిన. పహిల్వాన్ అని మా దున్నపోతు. పేరుకే పహిల్వాన్, పిల్లి ఎదురొస్తె ఎనుకకు జరిగేది. రికార్డు చేసే ఆ ఫోన్ జర దగ్గర పెట్టు, నోట్ల పండ్లు పోయినయ్ కద, మాట గాలికి పోతది. పెట్టినవా? ఆఁ.

గప్పుడు మనం గీ జల్‌పల్లిల లేం. జల్‌పల్లి అంటె మా అమ్మ పుట్టిల్లు, ఉత్త చేన్లు. మనం పాతబస్తీలనే ఉంటుంటిమి. ముందట ఇల్లు, ఎనుక బర్రెల కొట్టం, నడుమ వాకిలి. మా బాపు, అంటె నీకు ముత్తాత, పాల దందా చేస్తుండె. గల్లీ మొత్తం మా పాలే. నేను పెద్దోన్ని, నా ఎనుక మీ చిన్నతాత. నాకు బర్రెలంటె పడకపోయేది. కాదు, వాటికే నేనంటె పడకపోయేది, అట్లంటె కరెక్టు. బస్ డిపోల హెల్పర్ నౌకరి దొరికింది నాకు. ఖాకీ బట్టలు, చేతిల స్పానర్, నేనే డిపోకు మాలిక్ అన్నట్టు నడుస్తుంటి. ఇంటికొస్తె బాపు ముక్కు మూసుకుంటుండె. "నీ డీజిల్ వాసనకు బర్రెలు పాలిస్తలేవు రా" అంటుండె. ఆయన పొద్దుందాక పెండల ఉండి, నా వాసనకు వంక పెట్టుడు చూడు!

ఆయనకు ఇష్టం లేకుండె బిడ్డా. పాలోళ్ళింట్ల పుట్టి బోల్టులు తిప్పుడేంది అని. దినాం గదే లొల్లి. నౌకరి ఇడిచిపెట్టు, కొట్టం జూస్కో. నేను ఇయ్యాల రేపు అనుకుంట తప్పించుకుంటుంటి.

ఇగ కారు ముచ్చట. మా గల్లీ చివర్ల ఒక దేవిడీ, పాత బంగ్లా, దాంట్ల పాషా సాబ్ ఉండె. నవాబుల ఖాందాన్. నవాబుతనం అంత ఎప్పుడో కరిగిపోయింది గాని కారొకటి మిగిలింది. ఇంగ్లాండుకెల్లి వచ్చిన స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైన బట్ట కప్పు. భూమికి ఎంత కిందికుండేదంటె, దాంట్ల కూసున్నమనుకో, పక్కపొంటి పోయే మేక మన మొఖంల మొఖం పెట్టి చూసేది. పెట్రోలు మస్తు తాగేది. గప్పుడు పెట్రోలు రెండు రూపాయలో మూడో... కాదు కాదు, అది పెరగకముందు... పోనీ తియ్, ఎంతున్నా ఆ బండికి కడుపు నిండకపోయేది.

పాషా సాబ్ తోలుడు ఎట్లుండేదంటె, ఎడమకాలు క్లచ్ మీదకెల్లి తీసేటోడే కాదు. నోట్ల పాన్, క్లచ్ మీద కాలు, సింహాసనం మీద కూసున్నట్టు. గట్ల తోలితె క్లచ్ ఉంటదా? కాలిపోయింది. ఇంజన్ తిరుగుతది, బండి కదలది. గ్యారేజోళ్ళకు ఇయ్యనని మొండికేసిండు. ఒకనాడు మా ఇంటికొచ్చి, "తుమారే ఘర్ కా దూద్ పీకో బుడ్డా హువా మై" అన్నడు. మీ ఇంటి పాలు తాగి ముసలోన్నైన, నువ్వే చెయ్యాలె అని. మా పాలల్ల నీళ్ళెన్నో తెల్వదు పాపం ఆయనకు.

నేను ఊ అన్న. ఎందుకనలే? బస్సులు చేసే చేతికి రేసు బండి దొరికితె ఊకుంటదా? పదిమందిమి కలిసి నూకుకుంట తెచ్చి కొట్టంల పెట్టినం. బాపు వచ్చి చూసిండు. పహిల్వాన్‌ను కట్టేసే జాగల కారుండె. ఇగ జూస్కో.

"బర్రెల కొట్టంల ఈ తొట్టి ఏంది రా?" అన్నడు. నేను ముచ్చట చెప్పిన. ఆయన పాషా సాబ్ దిక్కు తిరిగి, "సాబ్, మీరు గవా ఉండున్రి" అన్నడు. గవా అంటె సాక్షి. "సదర్ నాటికి ఈ బండి దానంతటదే మా గేటు దాటితె, వీడు డిపోకే పోనీ. బతికున్నన్ని దినాలు నేను అడ్డం రాను. దాటలేదనుకో, ఆ ఖాకీ బట్టలు ఇడిచి కొట్టంల కూసోవాలె." సదర్ అంటె నీకెరుకే, దీపావళి అయినంక మనోళ్ళు దున్నపోతులను సింగారించి డప్పులతోని తిప్పుతరు కద, గదే. నేను సరే అన్న. ఇరవై ఏండ్లోనికి సరే అనుడు ఎంతసేపు? తర్వాత నిద్ర పడితె ఒట్టు. నౌకరి పోతదంటె పానం పోయినట్టే ఉండె నాకు.

ఆ బండిల క్లచ్ పలక మార్చాలంటె ఇంజన్, గేర్‌బాక్స్ రెండిటినీ కలిపే పైకి గుంజాలె. వేరే తొవ్వ లేదు. డిపోల చైన్ పుల్లీ ఉంటది, ఇంటికిమ్మంటె ఇస్తరా? నన్నే దానికి ఏలాడగడుతరు. గప్పుడు నాకు ఉపాయమొచ్చింది. కొట్టానికి టేకు దూలం ఉండె, ఎద్దును కట్టినా కదలనిది. బాయి గిరక తెచ్చి దూలానికి కట్టిన. బర్రెల మోకు గిరక మీదకెల్లి ఏసి, ఒక కొస ఇంజన్‌కు, ఒక కొస పహిల్వాన్ మెడకు. మీ చిన్నతాత ముక్కుతాడు పట్టుకొని ముందట. పహిల్వాన్ వాకిట్లకు నడిస్తె కొట్టంల ఇంజన్ పైకి లేస్తది.

లేసింది బిడ్డా! పూలదండ లేసినట్టు లేసింది. సగం లేసినంక ఆ దున్న నిలవడి ఉచ్చ పొయ్యబట్టింది. అది మొదలుపెడితె మామూలుగ అయితదా? ఇంజన్ గాలిల ఊగుతుంది, కింద నేను, పక్కకు కుర్చీల పాషా సాబ్ "యా అల్లా, యా అల్లా" అంటుండు. చిన్నతాత ముక్కుతాడు గుంజితె, అది వాని దిక్కు చూసి ఇంకింత తీరుబడిగ పోసింది. దాని పని అయినంక మల్ల నడిచింది. కారును ఎనుకకు నూకి, ఇంజన్‌ను గోనె సంచుల మీదికి దించినం. మా అమ్మ వచ్చి చూసి, "పెద్ద పెద్ద ఇంజినీర్ల దిష్టి తగుల్తది" అని ఇంజన్‌కు నిమ్మకాయ కట్టింది. పెద్ద ఇంజినీర్లు మా కొట్టంలకు ఎందుకొస్తరో ఆమెకే తెల్వాలె.

గేర్‌బాక్స్ ఇప్పితె లోపట క్లచ్ పలక బొగ్గు. కొత్తది ఏడ దొరుకుతది? ఉస్మాన్‌గంజ్ దిక్కు ఒకాయన పాత పలకకే కొత్త పట్టీలేసి రివిట్లు కొట్టిచ్చిండు. మంచిగ గరుకుగ, గోరు పెడితె గర్రుమనేటట్టు. గంతల దసరా వచ్చింది. దసరాకు పనిముట్లు కడిగి బొట్లు పెట్టి మొక్కుతం కద. స్పానర్లు, జాకీ, పాల చెంబులు, గడ్డి కోసే కత్తి, వాటి పక్కకు క్లచ్ పలక. పూజ అయినంక పలకను కొట్టం గూట్ల పెట్టిన. డిపోల సెలవు దొరికెదాక అది ఆడనే ఉండె.

సెలవు దొరికింది, ఎక్కించిన. దించుడు ఒక ఎత్తైతె ఎక్కించుడు పది ఎత్తులు. ఇంజన్ పోవాల్సిన జాగల పోదు, పహిల్వాన్ ఒక అడుగు ఎక్కువేస్తె గోడ కూలుతది. నా చేతి తోలు ఊడింది, నోటికొచ్చిన బూతులన్నీ తిట్టిన, కొత్తవి గూడ కొన్ని పుట్టించిన. మొత్తానికి దీపావళి నాటికి బిగిచ్చిన.

సదర్ పొద్దుగాల గల్లీ మొత్తం మా గేటు ముందటనే. కొందరు పహిల్వాన్‌ను చూడొచ్చిన్రు, ఎక్కువమంది నేను ఓడితె చూద్దామని వచ్చిన్రు. పాషా సాబ్ తెల్ల షేర్వానీ ఏసుకొని పక్క సీట్ల కూసున్నడు. నేను స్టీరింగు పట్టుకున్న. చాబీ తిప్పిన. ఇంజన్ పులి లెక్క గుర్రుమన్నది. జనం చప్పట్లు. మొదటి గేరేసి క్లచ్ ఇడిచిన.

బండి కదల్లే.

రేసు పెంచిన. ఇంజన్ ఒర్రుతుంది, చక్రం తిరుగుతలేదు. ఇంక పెంచిన. కిందికెల్లి పొగ లేసింది. వాసన వచ్చింది చూడు బిడ్డా, గల్లీ మొత్తం మిర్చి బజ్జీలు గోలిస్తున్నట్టు! మా అమ్మ ఇంట్లకెల్లి ఒర్రింది, "ఇంత పొద్దుగాల ఎవలింట్ల బజ్జీలే?" అని. జనం నవ్వుడు. నాకు మాత్రం అనుమానమొచ్చింది. క్లచ్ కాలితె బజ్జీ వాసన రాదు. బండి నూనె కాలినా రాదు.

దిగి బండి కిందికి దూరిన. గేర్‌బాక్స్ పక్కకు చిన్న రబ్బరు టోపీ ఉంటది, అది పీకితె లోపటికి రెండు వేళ్ళు పోతయ్. పెట్టి తీసి చూసిన. జిడ్డు. వాసన చూసిన. నువ్వుల నూనె! క్లచ్ పలకకు నూనె అంటొద్దు బిడ్డా, అది పొడిగ ఉండి పట్టుకోవాలె, నూనె అంటితె జారుతది, ఇగ బండి పోదు. గది డిపోల చాయ్ పోసేటోనికి గూడ తెలుసు.

బయటికొచ్చి ఒర్రిన, "ఎవడు రా నూనె పూసింది?" అని. పహిల్వాన్ పక్కకు బాపు నిలవడ్డడు. దాని కొమ్ములకు నూనె రాస్తుండు.

"నేనే," అన్నడు.

ఇంతమందిల, నా నౌకరి పోయే యాల్ల, సొంత బాపు! నోరు ఆగలే. "నన్ను ఓడగొట్టనీకె గింత చేస్తవా? నువ్వు బాపువా, పగోనివా?" అన్న. ఇంక శాన అన్న, అవి ఫోన్‌ల వద్దు.

బాపు చేతిల నూనె గిన్నె అట్లనే ఉంది. "ఓడగొట్టనీకె ఎందుకు పూస్త రా?" అన్నడు. "గూట్ల చూసిన. ఎండిపోయి గరగర అంటుంది. గంత ఎండింది ఎట్ల తిరుగుతది అనుకున్న. నువ్వు డ్యూటీకి పోయినంక దినాం పూసిన, పహిల్వాన్ కొమ్ములకు పూసినట్టే. నూనె మొత్తం తాగింది పాపం. పైన బట్టతోని తుడిచి మల్ల ఆడనే పెట్టిన. నలుగుర్ల నువ్వు ఓడిపోతవేమోనని పూసిన రా."

"పందెం కట్టింది నువ్వే కదనే?"

"కట్టిన. కట్టుడు వేరు, నువ్వు ఓడుడు వేరు."

నాకు ఏడ్పొచ్చింది బిడ్డా. కోపానికి గాదు. ఆ పెద్దమనిషి నేను లేనప్పుడు కొట్టంల కూసోని నా క్లచ్ పలకను ఒళ్ళె పెట్టుకొని నూనె రుద్దుతున్నడని తల్సుకుంటె... నవ్వాల్నా, ఏడ్వాల్నా? పాషా సాబ్ అయితె షేర్వానీ కొసతోని కండ్లు తుడుసుకుంటుండు. నవాబులకు ఏడ్పు తొందరగ వస్తది.

గంతల యాదికొచ్చింది. డిపోల ఏదన్న బస్సు క్లచ్ నూనె తాగి జారితె, తొవ్వల ఇప్పుతరా? సందుకెల్లి పెట్రోల్ కొట్టి, పొడి సుద్ద ఊది, ఎట్లనో ఇంటికి తెస్తరు. సుద్ద లేకపోయె. పాషా సాబ్‌ను అడిగిన, "సాబ్, బేగం సాబ్ మొఖానికి ఏం పెట్టుకుంటది?" ఆయన ఎర్రబడ్డడు. "ముల్తానీ మట్టి కావాలె సాబ్, నూనెను గుంజుతది" అన్న. దేవిడీకెల్లి డబ్బానే వచ్చింది.

డప్పులోళ్ళను బీడీలు ఆర్పమని ఒర్రిన. బర్రెలకు సూదులేసే పెద్ద పిచికారీతోని లోపటికి పెట్రోల్ కొట్టి కడిగిన. ఆరనిచ్చిన. పాషా సాబ్‌ను క్లచ్ తొక్కి పట్టుకోమన్న. జిందగీల ఒక్కసారి ఆయన కాలు పనికొచ్చింది. ఇంజన్ నడుస్తుంటె బర్రెలకు మందు తాపే వెదురు గొట్టం సందుల పెట్టి మట్టి ఊదిన. నేనొకసారి ఊదితె, అది రెండుసార్లు నా మొఖానికే ఊదింది. బయటికొస్తె నన్ను చూసి మా అమ్మ గుర్తువట్టలే.

ఇగ ఎక్కిన. గేరేసిన. బాపు దిక్కు చూసిన. ఆయన నా దిక్కు చూస్తలేడు, పహిల్వాన్ మెడ పట్టుకొని కండ్లు మూసుకున్నడు. ఇడిచిన.

కప్ప దుంకినట్టు దుంకింది బిడ్డా! ఒక దుంకు, రెండు దుంకులు, గేటు దాటింది. కిందికెల్లి పచ్చటి దుమ్ము, పాషా సాబ్ షేర్వానీ మొత్తం పసుపు. డప్పులోళ్ళు మొదలుపెట్టిన్రు. ముందట పహిల్వాన్, ఎనుక మేము. గల్లీ దాటినంక జనానికేం తెలుసు, ఈ యేడు పాలోళ్ళు కారును గూడ సింగారించిన్రు అనుకొని బండి మూతికి దండేసిన్రు. ఒకామె బొట్టు పెట్టింది.

ఆ దినం బాపు గెలిచినవనలే, శెబాష్ అనలే. మాపటికి బువ్వ తిని పండుకున్నడు. నాకు పరేషాన్. మాట మీద ఉంటడో, ఉండడో.

అప్పటిదాక ఆయన నన్ను లేపుడంటె పాలు పిండనీకె లేపుడే. "లే, బర్రెలు ఒర్రుతున్నయ్" అని తన్నుతుండె. తెల్లారి గూడ కాలికి తగిలింది. కండ్లు తెరిస్తె బాపు. చేతిల పాల చెంబు లేదు. దండెం మీది నా ఖాకీ అంగీ తెచ్చి మంచం మీద పెట్టిండు.

"లే రా, డ్యూటీకి యాల్లయితుంది," అన్నడు.

గంతే. తిరిగి చూడకుండ కొట్టంలకు పోయిండు. రిటైరయ్యెదాక నాకు ఎన్ని మెడల్స్ ఇచ్చినా బిడ్డా, ఆ అంగీ ముందట... ఆగు, జర నీళ్ళియ్యి. ఆఁ.

నీ మీద పందెం కట్టినోళ్ళు గూడ నువ్వే గెలవాల్నని లోపట మొక్కాలె బిడ్డా. గట్లాంటోళ్ళు నీకు దొరకాలె. సల్లగుండు. ఇగ ఆ ఫోన్ బంద్...