తిరిగి రాని ఇసుక

దీవి చివర, రాళ్ల గట్టు మీది టీ బడ్డీ ముందు ఆటో ఆగింది. దిగినతని చేతిలో చిన్నపిల్లల ప్లాస్టిక్ బకెట్ చూడగానే బడ్డీ ఆవిడ ప్రాణం ఉసూరుమంది.

"అక్కా, ఇక్కడ చిన్న బీచ్ ఉండాలి కదా? పెళ్లయిన కొత్తలో వచ్చాం."

"ఇదే తమ్ముడూ. నువ్వు నిలబడ్డదే."

"అన్నీ రాళ్లేగా! ఇసకేదీ?"

"వానల్లో సముద్రం పట్టుకుపోయేది, ఎండల్లో మళ్లీ తెచ్చిపోసేది. రెండేళ్లుగా తేవట్లేదు."

"ఎందుకని?"

"అదిగో, ఆ పెద్ద పడవ చూశావా? సముద్రం అడుగునున్న ఇసకంతా తోడి, అవతలి హోటల్ ముందు పోస్తోంది."

"మీరంతా ఊరుకున్నారా?"

"మా ఆయన ఊరుకోలేదు. హోటల్ గేటు ముందు గొంతు చించుకున్నాడు."

"మరిప్పుడు?"

"బీచ్ పోయాక టీ తాగేవాళ్లేరీ? ఇంట్లో పొయ్యి వెలగాలిగా. ఆ పడవ మీద ఇసక తోడే పంపు నడిపేది ఆయనే."

అతను ఆటో వైపు చూశాడు. "పిచ్చుకగూళ్లు కట్టిద్దామని పాపని తీసుకొచ్చానక్కా."

"ఆ హోటల్ దగ్గరికే తీసుకెళ్లు. అక్కడున్నది మా ఇసకే."

"లోపలికి రానిస్తారా?"

"నిన్ను రానిస్తారు. మా ఆయన్నే, పడవ దిగి ఆ ఇసక మీద కాలు పెట్టనివ్వరు."