కుసుమ కొండెక్కదు

ధర్మవరంలో నరసింహులు మగ్గం ముందు అతని వదిన, భార్యకు అక్క అయిన కల్పన వచ్చి నిలబడింది. అతని పెద్దకూతురు యామిని ఈమధ్యే పెనుకొండ కొండ మీద ప్రాణం విడిచింది. అంతకుముందు ఆ పిల్ల బెంగళూరులో పరీక్షకిచ్చిన రక్తానికి ఫలితం ఈ పొద్దున వచ్చింది.

“యామినిని చంపింది గాలీ దయ్యమూ కాదప్పా. మీరు! నువ్వూ, మీ అమ్మా, ఈసీజీ కూడా తీయకుండా మూర్ఛమాత్రలు రాసిచ్చిన ఆ హిందూపురం డాక్టరూ.”

“మెల్లగా వదినా. పక్కింటోళ్లు...”

“విననీ. పాప పడిపోతే చేతిలో తాళాలు పెట్టినారు. ఎంత తెలివప్పా మీ ఇంట్లో!”

“మూర్ఛే అన్నారు గదా.”

“పరుగెత్తితేనే వచ్చే మూర్ఛ యాడన్నా ఉండాదా? ఆయాసపడనియ్యొద్దని బెంగళూరు డాక్టరమ్మ నీ ఎదురుగానే చెప్పింది. నువ్వేమో నెత్తిన నీళ్లబిందె పెట్టి కొండెక్కించినావు.”

“మొక్కు వదినా. నడుమ ఆగకూడదు.”

“ఆగింది గదా. మళ్లా లేవకుండా ఆగింది.”

“...ఇంతకీ ఆ పరీక్షలో ఏమొచ్చింది?”

“గుండెలో ఒక ప్రోటీను ఉంటాది. చెయ్యి మాదిరి కాల్షియాన్ని పట్టుకుంటాది. గుండె అదుపులో కొట్టుకునేది దానివల్లే. దాన్ని తయారుచేసే జన్యువులో యామినికి ఒక్క అక్షరం మారింది. ఆ చెయ్యి వంకర పోయింది. పట్టు ల్యాదు. ఆయాసపడితే గుండె లయ తప్పి...”

“ఒక్క అక్షరానికా? ఎవరికి చెప్తావులే!”

“నీకే. నీ మగ్గం డిజైను అట్టలో ఒక్క బొక్క తప్పు గుద్దితే ఏమయితాది?”

“...అంచులో హంస మెడ విరుగుతాది.”

“అదే అట్ట ఇంకో మగ్గానికి ఎక్కిస్తే?”

“ఆడా విరుగుతాది. అంటే... మా చిన్నదానికి? కుసుమకు?”

“ఉండొచ్చు. చూపించాల. మీరేమో అక్క మొక్కు తీరలేదని రేపు అదే బిందె చెల్లెలి నెత్తిన పెడతాండారంట!”

“అమ్మ పట్టుబట్టింది. అయినా ఆ తప్పు అట్ట మా ఇంటిది కాదు. మీ చెల్లెలి రక్తంలోదే. మా అమ్మ మొదట్నించీ అంటానే ఉండాది.”

“మా చెల్లెలికి పరీక్ష చేయించినా. దానికి ఆ తప్పు ల్యాదు. రక్తం ఇయ్యకుండా తప్పించుకున్నోడివి నువ్వే.”

“నాకేమైందని?”

“మీ తమ్ముడు ఈతకని బాయిలో దూకి చచ్చిపోయినాడు. ఈత రానోడా?”

“చేపలెక్క ఈదేటోడు. వానికి గాలి తగిలి...”

“మళ్లా గాలే! థూ. సరే, కొండ మీద పాప పడినప్పుడు నువ్వు యాడుండావు? పక్కనే ఉన్న నాయన పట్టుకోల్యా?”

“వెనకబడినా.”

“ఎందుకు?”

“కళ్లు చీకట్లు కమ్మినాయి వదినా. తెలివొచ్చేసరికి పాప పై మెట్టు మీద పడుండాది. నాకు చిన్నప్పట్నించీ అంతే. పరుగెత్తితే పడిపోతా. మొగోడు ఎవరికి చెప్పుకుంటాడు? అందుకే మగ్గం వదిలి యాడికీ పోను.”

“...ఆ బిందె ఇట్లియ్యి. మగ్గం గుంటలోనుంచి లేయ్. మెల్లగా! కుసుమను బడినుంచి నేను పిల్చుకొస్తా. మీ అమ్మ ఏడిస్తే ఏడవనీ. నువ్వూ నీ కూతురూ ఇప్పుడే బెంగళూరుకు బయల్దేరాల.”