పేరు లేని ఫోటో

నార్వేలోని బెర్గెన్‌లో లాయరమ్మ విగ్దిస్ ఆఫీసు, పొద్దున. దీవి నుంచి తొలి పడవకి వచ్చిన ముసలాయన ఉద్వార్ ఇంకా కోటు విప్పలేదు.

“నేను నెట్‌లో ఆమె పేరు పెట్టలేదండీ. ఊరు పెట్టలేదు. ఒట్టి గ్లవుజుల ఫోటో.”

“ఫోటో పైన మీ పేరుందిగా. మీ పేరు కొడితే ఊరొస్తుంది, వీధొస్తుంది. పడవ టికెట్లిచ్చే పిల్ల కొట్టి చూపించింది. ఇదిగో, వచ్చా.”

“మీరు ఎవరి గురించి మాట్లాడుతున్నారో నాకు...”

“నా కూతురు సున్నీవా గురించి. మీ క్లయింటు.”

“నా క్లయింట్లెవరో బయటికి చెప్పకూడదు పెద్దాయనా. కన్నతండ్రికైనా సరే. అది మా వృత్తి ధర్మం.”

“ఎంత చక్కటి ధర్మం! తండ్రికి చెప్పకూడదు. లోకానికి చెప్పొచ్చు. పిల్ల ఏ ఊళ్ళో ఉందో నిన్నటిదాకా నాకే తెలీదు.”

“నేనేమీ చెప్పలేదు!”

“అప్పజెప్పనా? నోటికొచ్చేసింది. ‘మొగుడి దెబ్బలు తప్పించుకుని బిడ్డతో పారిపోయి వచ్చిన ఒకామె ఇచ్చిన కానుక. లాయరునైనందుకు ఇవాళ గర్వంగా ఉంది.’ గర్వం! కింద అందరూ చప్పట్లు.”

“అలాంటి గ్లవుజులు ఈ దేశంలో ప్రతి ముసలమ్మా అల్లుతుంది. నలుపూ తెలుపూ, మధ్యలో పువ్వు. బజార్లో ఎక్కడ చూసినా...”

“బొటనవేలి మీద?”

“బొటనవేలి మీదేముంది?”

“తీసి చూడండి. మీ దగ్గరే ఉన్నాయిగా.”

“...పిట్ట.”

“సముద్రపు పిట్ట. తల వెనక్కి తిప్పి చూస్తుంటుంది. అట్లా అల్లింది ఒక్కతే, నా పెళ్ళాం. పోయి మూడేళ్ళయింది. మిగిలింది ఆ ఒక్క జత. అది మీకిచ్చింది పిల్ల.”

“నాకు తెలీదు.”

“అడిగారా?”

“రాత్రే తీసేశాను ఫోటో. సరేనా?”

“తప్పు లేనప్పుడు ఎందుకు తీశారు?”

“తోటి లాయరు ఫోన్ చేసి తిట్టాడు. చాలా? చూడండి, మగాళ్ళు గ్లవుజుల మీద పిట్టల్ని పట్టించుకోరు. మీ అల్లుడు తోర్గేర్ ఈ ఫోటో చూసినా, ఇవి ఆమెవే అని గట్టిగా చెప్పలేడు.”

“పిల్లనీ, మనవరాల్నీ ఇవాళే ఈ ఊరు దాటించండి.”

“మాటలా? ఆమెని దాచిన ఆశ్రయం వాళ్ళకి నేను చేసింది చెప్పుకోవాలి. లాయర్ల సంఘం నా లైసెన్సు లాక్కున్నా లాక్కుంటుంది. చిన్నదానికి మళ్ళీ కొత్త బడి. రెండ్రోజులు చూద్దాం.”

“ఇవాళే.”

“ఎందుకంత తొందర?”

“ఇవాళే అన్నానా!”

“అసలు ఫోటో మీరెలా చూశారు?”

“చూశాను.”

“మీ చేతిలో ఉన్నది పాతకాలం మీటల ఫోను. అందులో ఎలా చూశారు?”

“ముందు పిల్లకి ఫోన్ చెయ్యండి లాయరమ్మా.”

“టికెట్ల అమ్మాయి చూపించిందా?”

“కాదు. చెయ్యండి.”

“చేస్తున్నాను. మరి ఎవరు?”

“రింగవుతోందా?”

“అవుతోంది... ఎత్తడం లేదు. ఇవాళ సంతకాలకి ఇక్కడికే రమ్మన్నాను. బయల్దేరిపోయి ఉంటుంది.”

“ఇక్కడికా? ఈ మెట్లెక్కా?”

“కూర్చోండి. కూర్చోండి ముందు. పోలీసులకీ చేస్తాను, కానీ వాళ్ళు అడుగుతారు, ‘అతనికి తెలిసినట్టు రుజువేంటి’ అని. నేనేం చెప్పను? ఎవరు చూపించారు మీకు?”

“అల్లుడే. నిన్న సాయంత్రం నవ్వుతూ వచ్చాడు. ఫోను నా మొహం ముందు పెట్టి, ‘మామా, ఇవి అత్త అల్లినవి కావూ?’ అన్నాడు.”

“మీరేమన్నారు?”

“మూడేళ్ళయిందమ్మా ఆమె చేతిపని చూసి. కనబడేసరికి... అవునన్నాను.”