టీ డబ్బులు ఇవ్వని వీధి

హలో… ఆ, నేనేనండీ, కౌముదిని.

… ఉదయభాస్కర్ గారా? గ్యాస్ ఏజెన్సీ యజమాని స్వయంగా ఫోను చేశారంటే, మా వీధివాళ్ళ ఉత్తరం చేరిందన్నమాట. సంతోషం.

… లేదండి, పడుకోలేదు. పగటి నిద్ర నాకు అలవాటు లేదు. చెప్పండి.

… ఏం చేశారూ?

… మాకు గ్యాస్ బండలు తెచ్చే అబ్బుల్ని పనిలోంచి తీసేశారా!

… ఒక్క క్షణం ఆగండి. ఆ ఉత్తరం రాసింది నేను. బండ మోసుకొచ్చే మనిషి ప్రతి గుమ్మంలోనూ టీ డబ్బుల కోసం నిలబడవలసిన గతి పట్టకూడదు, అతనికి మీరే జీతం ఇవ్వాలి — ఇదీ నేను రాసింది. తీసెయ్యమని ఏ వాక్యంలో ఉంది?

… వీధి వీధంతా సంతకం పెట్టింది, నిజమే. ఇంటింటికీ తిరిగి పెట్టించింది నేనే. ఇక మీదట ఎవరూ చేతిలో ఏమీ పెట్టవద్దని ఒప్పించిందీ నేనే.

… పిసినారితనమా? అలాగే అనుకోండి. అబ్బులు డబ్బు తీసుకునేటప్పుడు తల వంచుకునేవాడు. నా కంటే వయసులో పెద్దవాడు. ఆ వంచిన తల చూడలేక రాశాను. మీకు అర్థమవుతుందని చెప్పడం లేదు.

… హోటలు సర్వరుకి ఇవ్వడం లేదా అంటారు. అక్కడ అతను సోంపు పళ్ళెం పెట్టి పక్కకి తప్పుకుంటాడు. నేను ఇష్టమైతే పెడతాను, లేకపోతే లేదు. అతని యజమాని ఏదో ఒక జీతమైతే ఇస్తాడు. జీతానికీ దయకీ తేడా ఏమిటో నేను కాలేజీలో అర్థశాస్త్రం పాఠాల్లో చాలామందికి చెప్పాను. మీకు ఫోనులో చెప్పవలసి వస్తోంది.

… క్షమించండి. — బుల్లెమ్మా, ఆ కిటికీ రెక్క వెయ్యి. మురుక్కాలువ కంపు మళ్ళీ మొదలైంది. … సర్లే, ఉక్కగా ఉంది, తీసే ఉంచు. — మీతో కాదండి, మా పనిమనిషితో.

… ఆ, మీ కొత్త మనిషి పొద్దున్నే వచ్చాడు. పేరు వీరాస్వామిట. రిక్షా నిండా బండలు. ఆలస్యం లేకుండా వీధి అంతటికీ ఒక్కసారే వేశాడు. మా ఉత్తరానికి ఫలితమేమో అనుకున్నాను.

… లేదు. సీలు తీసి చూపించవయ్యా అంటే, "అది నా పని కాదండి" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

… అబ్బులైతే చూసేవాడు. మూత తీసి, బండ నోట్లో నాలుగు చుక్కల నీళ్ళు వేసి, బుడగలొస్తున్నాయేమోనని వంగి చూసేవాడు. లోపలి వాషరు అరిగితే జేబులోంచి ఇంకోటి తీసి వేసేవాడు.

… ఏమన్నారు? వాషరు కూడా తనే కొనుక్కునేవాడా?

… మరి ఆ పరీక్ష చెయ్యవలసింది ఎవరు? మీరా, అతనా, నేనా?

… "వాళ్ళ మంచితనం." ఇదా సమాధానం!

… సూటిగా అడుగుతాను. అబ్బులికి మీరు నెలకి ఎంత ఇచ్చేవారు?

… వినబడింది. మళ్ళీ చెప్పనక్కర్లేదు. ఏమీ ఇచ్చేవారు కాదు. రిక్షా కూడా అతనిదే. అంటే మీరు ఎగ్గొట్టిన జీతాన్ని మా చేత దానంలా ఇప్పించారు. ఆ దానానికి మేము దండాలు పుచ్చుకున్నాం. బాగుందండీ ఏర్పాటు!

… అతని గురించి మీరు బెంగపడినట్టు మాట్లాడకండి. కడియంలో మొక్కల లారీలకి లోడు ఎత్తుతున్నాడట. బుల్లెమ్మ చెప్పింది.

… మీ వీరాస్వామికి మావాళ్ళు ఎవరూ టీ డబ్బులు ఇవ్వలేదు. ఇచ్చిన మాట మీద నిలబడ్డారు. అయితే?

… ఇవ్వని ఇళ్ళకి ఎలాగూ… ఎలాగూ ఏమిటి?

… ఏం లేదంటే కుదరదు. నోట్లోంచి సగం వచ్చింది. మిగతా సగం కూడా రానివ్వండి.

… వెనక్కొచ్చిన బండలా? ఎక్కణ్ణించి వెనక్కొచ్చాయి?

… లీకవుతున్నాయని ఇంకెవరో తిప్పి పంపినవి. కంపెనీకి పోవలసినవి. అవి ఇవ్వనివాళ్ళ ఇళ్ళకి వేస్తారు.

… "కుర్రాళ్ళ కొంటెతనం"! మీకు తెలిసే జరుగుతోందన్నమాట.

… నేను అరవడం లేదండి. నా గొంతు ఇంతే. ఒక్క సంగతి చెప్పండి. గోడౌనులో మంచివాటితో కలిసిపోకుండా వాటి మీద ఏదో ఒక గుర్తు పెడతారు కదా. ఏమిటది?

… సుద్దముక్కతో ఇంటూ గుర్తు.

… ఒక్క నిమిషం, చూడనివ్వండి.

… ఇక్కణ్ణించి మా వరండాలో వీరాస్వామి దింపిన బండ కనిపిస్తుంది.

… ఉందండి. తెల్లగా, స్పష్టంగా ఉంది. బళ్ళోకి పోయే పిల్లలెవరో గీసి ఉంటారనుకున్నాను.

… మాది ఇంకా బిగించలేదు. పాతదే నడుస్తోంది. మా సంగతి వదిలెయ్యండి. పక్కింటి సత్యకుమారి బండ ఖాళీ అయి ఇబ్బంది పడుతూ ఉండింది. వచ్చిందే చాలని పొద్దున్నే బిగించేసుకుంది.



… రేపు కాదు. మనిషిని పంపడమూ కాదు. మీరు రండి, ఇప్పుడే. వచ్చేటప్పుడు కడియం వెళ్ళి అబ్బుల్ని బతిమాలి తీసుకురండి. ఈసారి మీరు తల వంచుకుని అడగండి.

— బుల్లెమ్మా! స్టవ్ జోలికి పోకు. ఏ స్విచ్చీ వెయ్యకు. ముందు సత్యకుమారి ఇంటికి పరిగెత్తు. కాఫీల వేళయింది. అక్కణ్ణించి ఇంటింటికీ వెళ్ళు. నేను సంతకం పెట్టించిన ప్రతి ఇంటికీ! పొయ్యి వెలిగించద్దని చెప్పు. వెళ్ళు!

… మీరుండండి.

… కాదు, ఉదయభాస్కర్ గారూ. అది మురుక్కాలువ కంపు కాదు.

… ఉష్.

… కిటికీలోంచి వినిపిస్తోంది. సత్యకుమారి వంటింట్లో లైటరు. టిక్కు… టిక్కు… అంటుకోవడం లేదు. మళ్ళీ నొక్కుతోంది—

సత్యకుమారీ! వద్దు! సత్యకుమా—