కట్ట మీద సర్వే

ఉయ్యూరు దగ్గర కాలువ కట్ట మీద ఉండే అంకాలమ్మకు కాగితాలు పట్టుకొచ్చేవాళ్లంటే గుండె దడ. పోయినేడు అలా వచ్చి రాసుకెళ్లాకే పక్క గుడిసెలు పీకేశారు. ఈ పొద్దున మళ్లీ ఒకతను కాగితాలతో ఆమె గుడిసె ముందు బండి ఆపాడు.

“ఇటునించి సైకిలు మీద బడికెళ్లే పిల్లలెంతమందమ్మా?”

“నీకెందుకు బాబూ?”

“వాళ్లకి వేరే దారెయ్యడానికి గవర్నమెంటు డబ్బిస్తోంది.”

“మా ఇళ్లమీంచేగా?”

“కాదమ్మా, రోడ్డుకి అవతలేపు.”

“అప్పుడూ ఇలాగే చెప్పారు. ఇటు పిల్లలెవరూ పోరు.”

“ఒక్కరు కూడానా? ఎవరూ లేరంటే దారి ఇంకో ఊరికి పోద్దమ్మా.”

“పోనియ్యి బాబూ.”

అతను సున్నా రాసుకుని బండెక్కాడు. బండి వంతెన దాటేదాకా చూసి, అంకాలమ్మ లోపలికి తిరిగి మనవరాలిని పిలిచింది.

“వెళ్లిపోయాడే. సైకిలు బయటికి తియ్యి, బడికి టైమైంది. చెరుకు ట్రాక్టరొస్తే దిగి పక్కన నిలబడు. మొన్నట్లా పడబోకు.”