ఆరో చాప్టర్లో తాత దిగిపోతాడు

శనివారం మధ్యాహ్నం, గంగాలిన్‌లో నెట్‌బాల్ కోర్టుల పక్కన ఆగి ఉంది కారు. ఈ దేశంలో జూలై అంటే నడి చలికాలం; బయట చలి చెవులు కోసేస్తోంది, లోపల హీటరు. పదేళ్ల గీతిక ప్రాక్టీసు అయ్యేదాకా ఉపేంద్రకీ నీలిమకీ కబుర్లు చెప్పుకోవడం తప్ప వేరే పని లేదు. ఈమధ్య మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకే వీడియో గేము, ఎవరిది వాళ్లు, ఆడుతున్నారు. మిగతా ఏ సంగతి ఎత్తినా ఎటు పోతుందో తెలియదు గానీ, గేము కబుర్లతో వచ్చే ప్రమాదమేమీ లేదనుకున్నాడు ఉపేంద్ర. పాపం, అలాగే అనుకున్నాడు.

"...అందుకే లాంతరు ఆ పిల్లకి ఇవ్వకూడదు. మూల కూర్చుని గుడ్లగూబలా చూస్తుంటుందే ముసలావిడ, ఆవిడకివ్వాలి. వంతెన దగ్గర తలుపు దానంతటదే తెరుచుకుంటుంది."

"అంతేనా? రెండ్రోజులు ఆ తలుపు దగ్గరే కొట్టుకు చచ్చానండీ. తాళం కోసం పడవంతా వెతికా. చేపల బుట్టలు కూడా తిరగేశా."

"ఇంట్లో కారు తాళాలు కూడా అలాగే వెతుకుతావు నువ్వు."

"సర్లెండి, మీ తెలివి మీది. ఇంతకీ మీరెక్కడున్నారు?"

"నేనా? నాలుగో చాప్టరే. నీకన్నా ఒక్క అడుగు ముందు. రాత్రి అన్నం తిన్నాక అరగంట ఆడితే ఎంత దూరం పోతాం?"

"అరగంటేగా."

"అరగంటే. రోజంతా ఆఫీసు, వచ్చాక గీతిక హోంవర్కు, ఇంకెక్కడ టైము?"

"నాకు ఆ కెప్టెన్‌ని చూస్తే ఒకలా ఉంటుందండీ. ఎగువన ఊరుంది, అక్కడ మీ అందరికీ ఇళ్లున్నాయి, నేను తీసుకెళ్తా అని ఏడుగురిని ఎక్కించుకున్నాడు. ఆ ఒక్క మాట మీద ఉన్న ఊరొదిలి ఎక్కేశారు వాళ్లు."

"గేములో నది బాగా చూపించారు కదా? పొద్దున పూట పొగమంచు చూశావా? మన బర్లీ గ్రిఫిన్ లేక్ మీద ఉన్నట్టే ఉంటుంది."

"పొగమంచు సరే. ఐదో చాప్టర్లో ఏమవుతుందో అని భయంగా ఉంది నాకు."

"భయమెందుకు, ఏమీ కాదు. తాత దిగిపోయేదాకా సరదాగానే ఉంటుంది."

"ఏ తాత?"

"ఆఁ?"

"ఏ తాత దిగిపోతాడు?"

"అదే, ఆ చుట్ట తాత. అంటే దిగిపోతాడేమో అని. ఇలాంటి గేముల్లో ఎవడో ఒకడు దిగిపోతాడుగా."

"తాత ఆరో చాప్టర్లో దిగిపోతాడండీ."

"అవునా? నీకెలా తెలుసు?"

"నేను గేము పూర్తి చేసి ఇరవై రోజులైంది. రెండుసార్లు ఆడా."

"మరి ఇందాక తలుపు దగ్గర కొట్టుకు చచ్చానన్నావు?"

"మీరేం చెప్తారో విందామని."

"ఓహో, ఆటపట్టిస్తున్నావా! సరే, దొరికిపోయా. కొంచెం ముందుకెళ్లాను. పోయిన ఆదివారం నువ్వు గుడికెళ్లినప్పుడు కూర్చుని ఆడేశా. దానికి కూడా కేసు పెడతావా?"

"మంగళవారం పొద్దున పదకొండూ ఇరవై."

"ఏంటది?"

"ఐదో చాప్టర్ అవగానే గంట బొమ్మతో ట్రోఫీ ఇస్తాడుగా. మీకది వచ్చింది మంగళవారం పొద్దున పదకొండూ ఇరవైకి. టీవీలో మీ పేరు పక్కన రోజు, టైము, అన్నీ వస్తాయి. మీరేగా ఇద్దరం కలిసి ఆడదామని నన్ను ఫ్రెండ్స్ లిస్టులో పెట్టింది."

"ఓ, అదా! లంచ్ బ్రేకులో..."

"పదకొండింటికా?"

"మీటింగ్ క్యాన్సిలైంది ఆ రోజు. చేతిలో పట్టుకుని ఆడే చిన్న గేము మెషీను బ్యాగులోనే ఉంటుందిగా, తీసి ఓ పది నిమిషాలు..."

"బుధవారం తొమ్మిదీ నలభై. గురువారం రెండూ పది. శుక్రవారం పొద్దున్నించి సాయంత్రం లోపల నాలుగు ట్రోఫీలు."

"నీలూ, ఆ హీటరు తగ్గించు. ఉక్కపోస్తోంది."

"బయట ఆరు డిగ్రీలండీ."

"ఉంటే ఉండనీ. తగ్గించమన్నాగా."

"తగ్గించా. పోనీ పులిహోర సంగతి చెప్పండి."

"మధ్యలో పులిహోరేంటి?"

"మే నెల నుంచీ బాక్సులో పులిహోర, పెరుగన్నం, పులిహోర, పెరుగన్నం. పప్పు పెడతానంటే వద్దు. వంకాయ కూరంటే వద్దు. ఈ చలిలో పెరుగన్నం ఎవరు తింటారండీ, ఆఫీసులో మైక్రోవేవ్ పెట్టుకుని?"

"డైటింగ్ కదా..."

"పులిహోరతోనా?"

"నీలూ, ప్లీజ్."

"ట్రోఫీలు తర్వాత చూశా. నాకు ముందు చెప్పింది ఆ బాక్సే. ఈయనకి అన్నం వెచ్చబెట్టుకునే చోటు లేదు అనుకున్నా. సింకు దగ్గర నిలబడి ఏడ్చానండీ ఆ రోజు. మీ మీద కోపంతో కాదు. చల్లన్నం ఎక్కడ కూర్చుని తింటున్నారో అని."

అద్దం మీద టకటకా కొట్టింది గీతిక. చలికి ముక్కు ఎర్రబడింది. నీలిమ అద్దం దించింది.

"మమ్, మై డ్రింక్ బాటిల్! వై డూ యూ గైస్ లుక్ సో సీరియస్?"

"ఏం లేదమ్మా, గేము గురించి మాట్లాడుకుంటున్నాం."

"ది బోట్ వన్? డాడ్, డిడ్ యూ టెల్ దెమ్?"

"ఎవరికి నాన్నా?"

"ది పీపుల్ ఆన్ ద బోట్. మమ్ టోల్డ్ దెమ్. ఐ వాచ్డ్ హర్ డూ ఇట్."

"వెళ్లమ్మా, కోచ్ పిలుస్తోంది. జిప్పు పైకి పెట్టుకో."

గీతిక బాటిల్ తీసుకుని పరిగెత్తింది. నీలిమ అద్దం ఎత్తింది. "చూశారా, దానికి కూడా ఆ ప్రశ్నే."

"ఏప్రిల్ ఆఖర్న, నీలూ."

"ఊఁ."

"టీము మొత్తాన్ని తీసేశారు. ఆరుగురం. పొద్దున మెయిల్ వచ్చింది, లాప్‌టాప్, బ్యాడ్జి ఇచ్చి కిందికి దిగేసరికి పావుగంట కూడా పట్టలేదు. పదకొండు వారాలైంది. పంపించేటప్పుడు వాళ్లిచ్చిన ప్యాకేజీ డబ్బు లోంచే నెలనెలా అకౌంటులో వేస్తున్నా, నీకు అనుమానం రాకుండా."

"మరి రోజూ లైట్ రైలెక్కి ఎక్కడికి?"

"సిటీలో లైబ్రరీకి. మొదటి నెలంతా అప్లికేషన్లే పెట్టా, ఒట్టు. నలభై మూడు పెట్టా. ఇంటర్వ్యూ బాగానే చేస్తారు. వీసాకి స్పాన్సర్‌షిప్ కావాలి అనగానే గొంతు మారిపోతుంది. ఆ తర్వాత..."

"ఆ తర్వాత పడవెక్కారు."

"నవ్వకు. అందులో ఏదో ఒకటి ముందుకెళ్తుంది నీలూ. సరైన వస్తువు సరైన మనిషికిస్తే తలుపు తెరుచుకుంటుంది. బయట ఏమిచ్చినా తెరుచుకోవట్లేదు."

"నేను నవ్వట్లేదు. మేలో మీ మేనేజరు పుట్టినరోజన్నారు. క్యారెట్ కేకు కోశారు, ఐసింగు మరీ తీపిగా ఉందన్నారు. ఆ ఐసింగు ఎక్కడిదండీ?"

"నువ్వడిగావుగా!"

"ఆఫీసెలా ఉంది అని అడిగా. కేకు రుచి అడగలేదు. అబద్ధానికి అంత ఐసింగు ఎందుకు పూశారా అని, కేకు కన్నా అదే ఎక్కువ బాధపెట్టింది."

"నీ మొహం చూసి ఎలా చెప్పమంటావు? విజయవాడలో బంగారం లాంటి స్కూలు ఉద్యోగం నా మాట మీద మానేసి వచ్చావు. అక్కడ అంతా నేను చూసుకుంటా అన్నా. నీ వీసా, గీతిక వీసా, అన్నీ నా ఉద్యోగానికి వేలాడుతున్నాయి. అది పోయిందని ఏ నోటితో చెప్పను?"

"ఆ కెప్టెనూ ఇలాగే అన్నాడు."

"గేమొదిలెయ్! అయినా నువ్వేం తక్కువ తిన్నావు? అన్నీ తెలిసి పొద్దున్నే బాక్సు కట్టి, షర్టు ఇస్త్రీ చేసి, టాటా చెప్పి పంపించావు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుంటే పక్కన కూర్చుని చూసినట్టు చూశావు. అది మాత్రం మోసం కాదా?"

"అడిగానండీ. రోజూ అడిగా. చెప్పులు విప్పకముందే అడిగా, ఎలా ఉంది ఆఫీసు అని. ఇవాళైనా చెప్తారేమో, ఇవాళైనా చెప్తారేమో అని. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మా అమ్మకి కూడా చెప్పలేదు. ఫోన్లో అల్లుడుగారెలా ఉన్నారంటే బిజీ అమ్మా అన్నా. మీకోసం నేనూ ఐసింగు పూశా."

"పరీక్ష పెట్టావన్నమాట."

"అలాగే అనుకోండి."

"గేము కూడా అందుకేనా?"

"పగలంతా మీరు ఎక్కడ దాక్కుంటున్నారో చూద్దామని మొదలుపెట్టా. ఐదో చాప్టర్‌కి వచ్చాక ఓ పూట ఆపేశా. ఎగువన ఊరు ఎప్పుడో కాలిపోయిందని కెప్టెన్‌కి తెలుస్తుంది. ఇప్పుడు పడవలో వాళ్లకి చెప్తావా, చెప్పవా అని అడుగుతాడు. ఇది చూశాక కూడా మా ఆయన ఇంటికొచ్చి చెప్పకుండా ఉంటాడా అనుకున్నా. మంగళవారం సాయంత్రం టీ పెట్టుకుని కూర్చున్నానండీ మీకోసం. మీరొచ్చి సర్వర్ డౌనైంది, తల పగిలిపోయింది అన్నారు."

"నీలూ..."

"మీరేం నొక్కారు?"

"నీకు తెలుసుగా."

"మీ నోటితో చెప్పండి. ఒక్కటైనా మీ నోటితో చెప్పండి."

"చెప్పలేదు. 'అందరూ నిద్రపోతున్నారు, రేపు చెప్తా' అని ఉంటుంది చూడు, అది నొక్కా. గేములో మర్నాడు మళ్లీ అడిగాడు. మళ్లీ అదే నొక్కా."

"ఎన్నిసార్లు?"

"అడిగినన్నిసార్లూ."

"చివరికేమైంది?"

"ఎవ్వరూ తిట్టరు నీలూ. అదే నరకం. తాతకి ముందే తెలిసిపోతుంది. రోజూ సాయంత్రం కెప్టెన్ పక్కన కూర్చుని ఊరింకెంత దూరం బాబూ అంటాడు. దగ్గర పడ్డాం అంటాడు కెప్టెన్. ఆరో చాప్టర్లో ఓ పొద్దున చూస్తే తాత ఉండడు. సంచీ ఉండదు, చుట్ట ఉండదు. మిగతావాళ్లు బూడిద దాకా వచ్చి ఒక్కొక్కళ్లే దిగిపోతారు. ఒక్కడూ వెనక్కి తిరగడు. ఆ చివర మూడుసార్లు ఆడా నేను. ఒక్కడన్నా చొక్కా పట్టుకుంటాడేమో అని."

"రెండోసారి దాచి చూస్తే నా దాంట్లోనూ దిగిపోయాడు; మొదటిసారి మాత్రం తాత ఉన్నాడండీ. చెప్పేశాగా. అమ్మనాబూతులు తిట్టాడు. నలుగురు దిగి వెళ్లిపోయారు. తాత తిట్టి తిట్టి, తెడ్డు తీసుకుని నా పక్కన కూర్చున్నాడు."

"అయితే ఇప్పుడు తిట్టు. తిట్టేయ్. నీకెంత కసి ఉంటే అంత తిట్టు, పడతా. చెప్పేశాగా ఇప్పుడు!"

"మీరు చెప్పలేదండీ. నేను తవ్వా."

"సరే, తవ్వావు. తప్పు నాదే. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటా. కానీ ముందు సంగతి చూడాలిగా! ఉద్యోగం పోయాక నూట ఎనభై రోజులే టైము. డెబ్బై ఏడు పోయాయి. ఈలోగా ఇంకో స్పాన్సరు దొరక్కపోతే ముగ్గురం పెట్టెలు సర్దుకోవాల్సిందే. గీతికకి ఈ స్కూలు, ఈ స్నేహితులు... ఆగాగు. నువ్వు పిల్లలకి చెప్పే ఆ చైల్డ్‌కేర్ డైరెక్టరు పోయినేడాది నిన్ను పర్మనెంటు వీసాకి నామినేట్ చేస్తానంది కదా?"

"చేస్తానంది. మనకెందుకు, నా ఉద్యోగం మీద ఎలాగూ వస్తుందిగా అన్నారు మీరు."

"అన్నా, బుద్ధి తక్కువై అన్నా. సోమవారమే వెళ్లి అడుగు. నువ్వు మెయిన్, నేను నీ డిపెండెంటు. జనం నవ్వుకుంటే నవ్వుకోనీ. మన ఫ్రెండు దీపక్ వాళ్లింట్లో అలాగే కదా చేసుకున్నారు!"

"మేలోనే అడిగా."

"అడిగావా? ఏమంది?"

"వెంటనే ఒప్పుకుంది. టీచర్లు దొరకట్లేదు వాళ్లకి. లాయరు జూన్‌కల్లా కాగితాలన్నీ సిద్ధం చేసేసింది. మీరేమైనా చెప్తారేమోనని నెలరోజులు నేనే ఆపించా. మొన్న గురువారం వీసా అప్లికేషన్ పెట్టేశా."

"పెట్టేశావా! అమ్మయ్య! అమ్మయ్య, నీలూ! ఏం మనిషివే నువ్వు! ఇంత పెట్టుకుని కడుపులో దాచుకుంటావా? పదకొండు వారాలు ఆ లైబ్రరీలో ఎంత నరకం పడ్డానో తెలుసా? ఒక్క మాట ముందు చెప్తే పోయేదిగా!"

"గురువారం పొద్దున కూడా అడిగా, ఇవాళేంటండీ ఆఫీసులో అని. పెద్ద ప్రెజెంటేషన్ ఉందన్నారు. నీలం టై కట్టుకున్నారు."

"సర్లే, అదంతా వదిలెయ్. మా మంచి పని చేశావు. గీతిక పేరు వేశావుగా? నా పాస్‌పోర్టు నంబరు కావాలేమో, అల్మారాలో పైన ఫైల్లో..."

"మీ నంబరు తీసుకునే వేశా."

"మరింకేం! ఇంటికెళ్లి ఇవాళ పప్పు చెయ్యి. వేడి వేడిగా, నెయ్యేసుకుని ముగ్గురం కూర్చుని తిందాం."

"గీతిక పేరు నాతో వచ్చేవాళ్ల పేజీలో ఉందండీ. దాని తర్వాత ఇంకో పేజీ ఉంటుంది, వెంట రాని కుటుంబసభ్యులు అని. మీ పేరు అందులో రాశా."